ఎగోన్ షీలె పోర్ట్రెయిట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బక్కపల్చటి మనిషి, నిక్కబొడుచుకున్న జుట్టు, ఎముకలు తేలిన చేతులు, వెనక ఏమీ లేని ఖాళీ కాగితం. షీలె బొమ్మ ఒకటి ఫోన్‌లో కంటపడగానే చాలామందికి వచ్చే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. జైలు, ప్రేమలు, చిన్న వయసులో చావు, ఇవన్నీ కింద ఉన్నాయి, తప్పదు. కానీ ఎక్కువ చోటు అతని గీతకీ, అతని ఎదుట కూర్చున్న మనుషులకీ ఇచ్చాను. స్కాండల్ కథలు ఎక్కడైనా దొరుకుతాయి.

అసలు ఎవరీ షీలె?

ఆస్ట్రియా చిత్రకారుడు. 1890 జూన్ 12న వియన్నాకి దగ్గర్లో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న టుల్న్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి అడాల్ఫ్ అక్కడ స్టేషన్ మాస్టరు, కాపురం కూడా స్టేషన్ బిల్డింగులోనే, అందుకే పిల్లాడు చిన్నప్పుడు గీసినవన్నీ రైళ్లే. షీలెకి పద్నాలుగేళ్లప్పుడు తండ్రి సిఫిలిస్‌తో చనిపోయాడు. పదహారేళ్లకి వియన్నా చిత్రకళా అకాడమీలో చేరాడు. 1918 అక్టోబర్ 31న స్పానిష్ ఫ్లూతో పోయాడు, అప్పటికి వయసు 28. ఉన్న కొద్దికాలంలోనే 300కు పైగా ఆయిల్ పెయింటింగులు, 3000 దాకా రేఖాచిత్రాలు, వాటర్ కలర్లు వేశాడు. ఈ రెండో అంకె గుర్తుపెట్టుకోండి, కింద దానితో పనుంది.

హిట్లర్‌ని కాదన్న అకాడమీ ఇదేనా?

అవును, అదే. షీలె 1906లో చేరాడు, హిట్లర్ 1907లో పరీక్ష రాసి ఫెయిలయ్యాడు, 1908లో అసలు పరీక్షకే కూర్చోనివ్వలేదు. ఇంతకు మించి ఆ సంగతిలో ఏమీ లేదు, దాని మీద పెద్ద పెద్ద కథలు అల్లడం అనవసరం.

షీలెకి ఆ అకాడమీ ఏ మాత్రం నచ్చలేదన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. అతని ప్రొఫెసర్ క్రిస్టియన్ గ్రీపెన్‌కెర్ల్ పాతకాలపు మనిషి, కొత్త ధోరణులంటే మంట. 1909లో షీలె, కొందరు క్లాస్‌మేట్లు కలిసి అకాడమీ వదిలేసి కొత్త కళా బృందం అని ఒక గుంపు కట్టారు. అలాగని అకాడమీలో మూడేళ్లూ వృథా అయ్యాయనలేం. టైమ్ పెట్టి మనిషి ఒంటిని గీయించే ఆ డ్రిల్ లేకపోతే తర్వాత అంత వేగంగా, అంత నమ్మకంగా గీయగలిగేవాడా అని నాకు అనుమానమే. శరీర నిర్మాణం తెలియనివాడు వంకర తిప్పితే బొమ్మ చెడిపోతుంది, తెలిసినవాడు తిప్పితే షీలె అవుతుంది.

క్లిమ్ట్ శిష్యుడంటారు, నిజమేనా?

క్లాసులో కూర్చోబెట్టి నేర్పిన గురువు కాదు. 1907లో షీలె వెళ్లి కలిశాడు, అప్పటికి గుస్టావ్ క్లిమ్ట్ వియన్నాలో చాలా పెద్ద పేరు. కుర్రాడి గీత చూసి క్లిమ్ట్ మెచ్చుకున్నాడు, తన బొమ్మలు అతనికిచ్చి అతనివి తీసుకున్నాడు, మోడల్స్‌ని, కొనేవాళ్లని పరిచయం చేశాడు, 1909లో కున్‌స్ట్‌షావ్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌కి పిలిచాడు. 1912లో లెడరర్ అనే సంపన్న కుటుంబానికి పరిచయం చేసిందీ ఆయనే. ఆ ఇంటి పిల్లాడు ఎరిక్ పోర్ట్రెయిట్ వేయడానికి షీలె హంగరీలోని గ్యోర్ దాకా వెళ్లాడు.

1909 వరకు షీలె బొమ్మల్లో క్లిమ్ట్ స్పష్టంగా కనిపిస్తాడు. మరుసటి ఏడాదికల్లా తెగతెంపులు అయిపోయాయి, మనుషుల మధ్య కాదు, బొమ్మల్లో. క్లిమ్ట్ పోర్ట్రెయిట్లో ఆడమనిషి మొహం, చేతులు తప్ప మిగతాదంతా బంగారంలో, డిజైన్లలో కలిసిపోతుంది. షీలె ఆ బంగారం మొత్తం గీకి పారేసి, కూర్చోడానికి కుర్చీ కూడా మిగల్చకుండా, మనిషిని ఒక్కణ్ణే ఉంచాడు.

వెనక ఏమీ ఉండదేం? సగంలో వదిలేశాడా?

లేదు, అది కావాలని చేసిందే. 1910లో వేసిన పోర్ట్రెయిట్లు చూడండి. రచయిత, విమర్శకుడు ఆర్థర్ రోస్లర్‌ది ఒకటి, పబ్లిషర్ ఎడువర్డ్ కోస్మాక్‌ది ఇంకొకటి. రెండూ దాదాపు మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చదరం కాన్వాసులు. గది లేదు, కిటికీ లేదు, పుస్తకాల బీరువా లేదు. అప్పటి పద్ధతి ప్రకారం ఒక పబ్లిషర్ బొమ్మ అంటే అతని హోదా చెప్పే సామాన్లు చుట్టూ ఉండాలి. కోస్మాక్‌ని అలా కాకుండా మనకి ఎదురుగా కూర్చోబెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించి, కళ్లు మన మీదే నిలబెట్టాడు. ఎంతసేపని చూస్తాం? మనమే కళ్లు తిప్పుకుంటాం.

సామాన్లు తీసేస్తే మనిషి గురించి చెప్పాల్సిన భారమంతా ఒళ్లు మోయాలి. భుజం ఎత్తు, మెడ వంపు, వేళ్లు ఎటు తిరిగాయి, వీటితోనే అంతా చెప్పాలి. ఆ వంకర్లన్నీ పిచ్చితనం కాదు, ఆ పని కోసం వచ్చినవే. ఇది అర్థమైతే షీలె సగం అర్థమైనట్టే.

ఆ చేతులేంటి అలా ఉంటాయి?

అందరూ అడిగేదే. చూపుడు వేలు, మధ్య వేలు ఒక పక్కకి, మిగతా రెండూ ఇంకో పక్కకి చీలి ఉండే భంగిమ అతని సెల్ఫ్ పోర్ట్రెయిట్లలో పదే పదే వస్తుంది. పాత బైజాంటిన్ చిత్రాల్లో క్రీస్తు చేతి ముద్ర నుంచి తెచ్చుకున్నాడని కొందరంటారు, స్నేహితుడు ఎర్విన్ ఓసెన్ మూకాభినయం చేసేవాడు, అతని దగ్గర పట్టాడని ఇంకొందరు. రెండూ కొంత కొంత నిజమై ఉండొచ్చు. 1914లో ఆంటన్ యోసెఫ్ ట్రచ్కా అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోల్లో కూడా షీలె అవే భంగిమలు పెట్టాడు, అంటే అది కుంచె జారి వచ్చిన వంకర కాదు, కెమెరా ముందు కూడా వేసిన వేషం.

కాగితం మీద వేసినవి పెయింటింగ్‌కి ముందు వేసుకున్న స్టడీలా, లేక అవే పూర్తయిన బొమ్మలా?

ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న నా దృష్టిలో ఇదే. పైన గుర్తుపెట్టుకోమన్న 3000 అంకె ఈ కాగితాలదే.

మామూలుగా చిత్రకారులు పోర్ట్రెయిట్ ఆర్డర్ వస్తే ముందు నాలుగైదు స్టడీలు వేసుకుంటారు, తల ఎటు తిప్పాలి, వెలుగు ఎటు పడాలి అని చూసుకుంటారు, తర్వాత కాన్వాసు మీద అసలు బొమ్మ మొదలుపెడతారు, స్టడీలు డ్రాయర్లోకి పోతాయి. షీలె కూడా కొన్ని ఆయిల్ పోర్ట్రెయిట్లకి అలా స్టడీలు వేశాడు. కానీ అతని కాగితాల్లో ఎక్కువ భాగం ఏ పెయింటింగ్‌కీ తయారీ కాదు. సంతకం పెట్టి, దాని చుట్టూ చిన్న డబ్బా గీసి, ఏడాది రాసి, అమ్మేసేవాడు. బతుకు గడిచింది చాలా వరకు వాటి మీదే. రైల్వే ఉద్యోగి హైన్రిఖ్ బెనెష్ లాంటి వాళ్లకి పెద్ద పెయింటింగులు కొనే స్తోమత లేదు, కాగితం బొమ్మలు మాత్రం బెనెష్ వీలైనన్ని పోగుచేశాడు. 1913లో షీలె ఆ బెనెష్‌నీ, కొడుకు ఓట్టోనీ కలిపి ఒక పోర్ట్రెయిట్ వేశాడు, ఆ కొడుకే తర్వాతి రోజుల్లో వియన్నాలోని ఆల్బెర్టీనా మ్యూజియానికి డైరెక్టర్ అయ్యాడు.

ఇక గీసే పద్ధతి. మోడల్ ఎదురుగా ఉన్నప్పుడు పెన్సిల్ లేదా నల్ల చాక్‌తో చకచకా గీత గీసేవాడు. చెరపడం లేదు. గీత తప్పితే ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకోవడమే. రంగు మాత్రం మోడల్ వెళ్లిపోయాక, జ్ఞాపకం మీద వేసేవాడు. అందుకే ఆ ఒంటి మీద ఆకుపచ్చ, ఊదా, నారింజ రంగులు కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న చర్మాన్ని చూసి వేసిన రంగులు కావవి. 1910, 11 బొమ్మల్లో కొన్నిటికి మనిషి చుట్టూ మందంగా తెల్లటి అంచు కూడా కనిపిస్తుంది.

ఇంకో చిట్కా, చాలా బొమ్మలు పైనుంచి చూస్తూ గీసినవి. మోడల్‌ని కింద పడుకోబెట్టి తను స్టూలెక్కి గీసేవాడు, ఒక్కోసారి అడ్డంగా ఉన్న మనిషి కాగితాన్ని నిలువుగా తిప్పి సంతకం పెట్టేవాడు. దాంతో మనిషి నిలబడి ఉందో పడుకుని ఉందో గాల్లో తేలుతోందో తెలియక మనకి కళ్లు తిరుగుతాయి. 1914లో వేసిన ఫ్రీడరికె మారియా బేర్ పోర్ట్రెయిట్ ఆయిల్లో వేసినా ఇదే తంతు. రెండేళ్లకి అదే ఆవిడ క్లిమ్ట్ దగ్గర కూడా పోర్ట్రెయిట్ వేయించుకుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఎన్ని వ్యాసాలు చదివినా తెలియని తేడా రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

తన బొమ్మలే అన్ని వేసుకున్నాడేంటి? అంత అహంకారమా?

కొంత అహంకారం ఉంది, ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. కానీ అసలు కారణాలు ఇంకా సాదాగా ఉంటాయి. మోడల్‌కి డబ్బులివ్వాలి, తనకి ఇవ్వక్కర్లేదు. పైగా నిలువెత్తు అద్దం ఒకటి ఉండేది, ఏ స్టూడియోకి మారినా దాన్ని వెంట తీసుకెళ్లేవాడు. సెల్ఫ్ పోర్ట్రెయిట్లు వందకు పైగానే ఉన్నాయి. వాటిని డైరీలాగా చదవకండి, నా సలహా. అద్దం ముందు ఒకడు రకరకాల పాత్రలు వేసి చూసుకుంటున్నాడు, సన్యాసి, ఖైదీ, అమరవీరుడు, అన్నీ. 1912లో ఎర్రటి లాంతర్లలాంటి కాయలున్న మొక్క పక్కన వేసుకున్న సెల్ఫ్ పోర్ట్రెయిట్ వీటన్నిటిలో ప్రసిద్ధం. తల కొంచెం పక్కకి, కళ్లు మనవైపు. అందరికన్నా తెలివైనవాణ్ణి అని నమ్మే ఇరవై రెండేళ్ల కుర్రాడి చూపు అది.

వాలీ ఎవరు? ఆ బొమ్మ మీద కేసేంటి?

వాలీ నోయ్‌జిల్ 1911 నుంచి షీలెకి మోడల్, సహచరి. లెక్కలు, ఉత్తరాలు కూడా చూసేది. పైన చెప్పిన సెల్ఫ్ పోర్ట్రెయిట్‌కి జతగా, అదే సైజు చెక్క పలక మీద వేసినదే వాలీ పోర్ట్రెయిట్, 1912. ఇద్దరి తలలూ ఒకరివైపు ఒకరు వంగినట్టుంటాయి.

ఆ బొమ్మ లెయా బోండీ అనే యూదు గ్యాలరీ యజమానురాలిది. ఆస్ట్రియాని నాజీలు కలిపేసుకున్నాక ఫ్రీడ్రిఖ్ వెల్ట్స్ అనే డీలర్ 1939లో ఆమె దగ్గర్నుంచి లాక్కున్నాడు. యుద్ధం అయ్యాక పొరపాటున వేరే వాళ్ల ఆస్తిలో కలిసి బెల్వెడేర్ మ్యూజియానికి చేరింది, అక్కణ్ణుంచి 1954లో రుడోల్ఫ్ లియోపోల్డ్ అనే కంటి డాక్టర్ కలెక్షన్‌లోకి వచ్చింది. బోండీ ఎంత అడిగినా తిరిగి రాలేదు, 1969లో ఆమె చనిపోయింది. 1998 జనవరిలో న్యూయార్క్‌లో ఎగ్జిబిషన్‌కి వచ్చినప్పుడు అక్కడి ప్రాసిక్యూటర్ దాన్ని కదలనివ్వలేదు. పన్నెండేళ్లు కేసు నడిచి 2010లో లియోపోల్డ్ మ్యూజియం ఆమె వారసులకి 1.9 కోట్ల డాలర్లు కట్టి బొమ్మ ఉంచుకుంది. ఆ డబ్బు కోసం మ్యూజియం షీలెదే ఇంకో పెయింటింగ్, ఇళ్ల ముందు బట్టలు ఆరేసిన దృశ్యం, 2011లో లండన్ వేలంలో అమ్మింది, దాదాపు 2.47 కోట్ల పౌండ్లు పలికింది. ఈ గొడవ మొదలైన ఏడాదే ఆస్ట్రియా నాజీ కాలంలో దోచిన కళాఖండాలు తిరిగిచ్చే చట్టం చేసింది.

జైలుకి ఎందుకు వెళ్లాడు?

1911లో షీలె, వాలీ క్రుమావ్‌లో ఉన్నారు, తల్లి పుట్టిన ఊరు, ఇప్పుడు చెక్ దేశంలో చెస్కీ క్రుమ్లోవ్. పెళ్లి కాకుండా కలిసి ఉండటం, స్టూడియోకి మోడల్స్ రావడం ఊరికి నచ్చక వెళ్లగొట్టారు. వియన్నాకి దగ్గర్లోని నోయిలెంగ్‌బాఖ్‌కి మారారు. అక్కడ 1912 ఏప్రిల్లో పోలీసులు పట్టుకెళ్లారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఒక మైనర్ అమ్మాయి విషయంలో పెట్టిన అపహరణ, లైంగిక నేరం ఆరోపణలు నిలబడలేదు. అసభ్యమైన బొమ్మలు పిల్లలకి కనబడేలా ఉంచాడన్న నేరం మాత్రం రుజువైంది. మొత్తం 24 రోజులు లోపల ఉన్నాడు. జైల్లో వేసిన వాటర్ కలర్లలో వాలీ తెచ్చిచ్చిన నారింజ పండు మంచం మీద పెట్టి ఉన్నది ఒకటి.

అతను పేద పిల్లలని మోడల్స్‌గా పెట్టుకున్న మాట నిజం. అప్పట్లో అందరూ అంతే అని కొట్టిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను, ఆ బొమ్మల్లో కొన్ని చూస్తే ఈ రోజు ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. అలాగని నిలబడని ఆరోపణని రుజువైనట్టు రాయడం కూడా తప్పే. ఇంకోటి, అతని పేరుతో 1922లో వచ్చిన జైలు డైరీ నిజానికి రోస్లర్ రాసినదని పరిశోధకుల మాట, దాన్నుంచి కోట్స్ షేర్ చేసేముందు ఆలోచించండి.

ఎడిత్ పోర్ట్రెయిట్లో స్కర్ట్ మార్చారంటారు, నిజమా?

నిజమే, నాకు బాగా ఇష్టమైన కథ ఇది.

1915 జూన్‌లో షీలె ఎదురింటి అమ్మాయి ఎడిత్ హార్మ్స్‌ని పెళ్లి చేసుకున్నాడు. వాలీని వదిలేశాడు, ఏటా సెలవుల్లో కలిసి వెళ్దామని ఒక ప్రతిపాదన పెట్టాడు కూడా, ఆమె కాదంది, తర్వాత నర్సుగా చేరి 1917 డిసెంబరులో డాల్మేషియాలో (ఇప్పటి క్రొయేషియా తీరం) స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయింది. పెళ్లయిన ఏడాది వేసిన ఎడిత్ బొమ్మలో చారల గౌను వేసుకుని, చేతులు ఏం చేసుకోవాలో తెలియని బొమ్మలా నిలబడి ఉంటుంది. అది హేగ్‌లో ఉంది.

1917, 18లో ఎడిత్‌ని కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ వేశాడు. ఈసారి స్కర్ట్ రంగురంగుల గళ్లది. వియన్నా ప్రభుత్వ గ్యాలరీ డైరెక్టర్ ఫ్రాన్స్ మార్టిన్ హాబర్‌డిట్స్‌ల్ దాన్ని కొంటానన్నాడు, కానీ ఆ గళ్లు మరీ అలంకారంగా, డిజైన్ పనిలా ఉన్నాయని అనిపించి మార్చమన్నాడు. షీలె ఒప్పుకుని స్కర్ట్ మీద సాదా రంగు వేసేశాడు. ఒకప్పుడు ప్రొఫెసర్ మాట వినలేక అకాడమీ వదిలేసిన మనిషే!

రాజీ పడ్డాడని బాధపడేవాళ్లు ఉన్నారు. నాకైతే ఆ స్కర్ట్ పోయాక ఎడిత్ మొహం బయటపడింది అనిపిస్తుంది. 1910 పోర్ట్రెయిట్లలో ఎవర్ని కూర్చోబెట్టినా లోపల షీలెనే కనిపిస్తాడు, రోస్లర్ అయినా కోస్మాక్ అయినా అతని టెన్షనే మోస్తుంటారు. ఇక్కడ మాత్రం ఎదుట కూర్చున్నది వేరే మనిషి, కాస్త అలసి, కాస్త ఎటో ఆలోచిస్తూ. గీత కూడా మెత్తబడింది, ఒంటికి బరువొచ్చింది. చివరి బొమ్మల్లో పదును పోయింది అనే విమర్శ చాలాకాలంగా ఉంది. పదును తగ్గింది నిజమే, దాని బదులు అవతలి మనిషి మీద ఆసక్తి వచ్చింది, నేను ఆ బేరానికి ఒప్పుకుంటాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడాడా?

ఫ్రంట్‌కి వెళ్లలేదు. పెళ్లయిన నాలుగు రోజులకే పిలుపొచ్చింది. రష్యన్ ఖైదీల కాపలా, తర్వాత 1916లో ముయెలింగ్ ఖైదీల క్యాంపులో ఆఫీసు పని, 1917 నుంచి వియన్నాలో సైన్యం సరుకుల డిపో. కాపలా కాస్తూనే ఆ ఖైదీల పోర్ట్రెయిట్లు గీశాడు. మెత్తబడిన గీత అని పైన అన్నాను కదా, ఆ మార్పు నాకు మొదట కనిపించేది వీటిలోనే.

1918లో ఏం జరిగింది?

ఫిబ్రవరిలో క్లిమ్ట్ పోయాడు, షీలె మార్చురీకి వెళ్లి ఆయన మొహం గీశాడు. మార్చిలో సెసెషన్ అనే వియన్నా కళాకారుల సంఘం 49వ ఎగ్జిబిషన్‌లో ప్రధాన హాలు షీలెదే, పోస్టర్ కూడా అతనిదే, బల్ల చుట్టూ కూర్చున్న మిత్రులు. బొమ్మలు బాగా అమ్ముడుపోయాయి, పోర్ట్రెయిట్ ఆర్డర్లు వచ్చిపడ్డాయి, జీవితంలో మొదటిసారి డబ్బు. అక్టోబర్‌లో ఎడిత్‌కి ఫ్లూ వచ్చింది, ఆరో నెల గర్భిణి. 28న పోయింది. ఆమె ఆఖరి గంటల్లో కూడా ఒక స్కెచ్ గీశాడు. మూడు రోజులకి అతనూ పోయాడు.

ఇంకా కేసులు నడుస్తున్నాయా?

నడుస్తున్నాయి. వియన్నా క్యాబరే నటుడు ఫ్రిట్స్ గ్రూన్‌బౌమ్ దగ్గర షీలె బొమ్మలు 81 ఉండేవి. ఆయన్ని నాజీలు పట్టుకున్నారు, 1941లో డఖావ్ క్యాంపులో చనిపోయాడు. 2023 సెప్టెంబరులో అమెరికా మ్యూజియాలు, కలెక్టర్ల దగ్గర్నుంచి ఏడు బొమ్మలు ఆయన వారసులకి చేరాయి. షికాగోలో ఉన్న రష్యన్ ఖైదీ పోర్ట్రెయిట్ కూడా, 1916లో గీసిన ఆ కాగితాల్లో ఒకటే, తిరిగిచ్చేయాలని 2025లో న్యూయార్క్ జడ్జి తీర్పిచ్చారు.

ఎక్కడ చూడొచ్చు?

వియన్నా వెళ్తే లియోపోల్డ్ మ్యూజియం మొదట, ప్రపంచంలో పెద్ద షీలె కలెక్షన్ అదే, వాలీ అక్కడే ఉంటుంది. కోస్మాక్, కూర్చున్న ఎడిత్ బెల్వెడేర్‌లో. జైలు వాటర్ కలర్లు ఆల్బెర్టీనావి. ఒక్క మాట, కాగితం బొమ్మలకి వెలుగు పడదు, ఎక్కువకాలం గోడ మీద ఉంచితే రంగు వెలిసిపోతుంది, అందుకే మార్చి మార్చి పెడతారు. ఫలానా బొమ్మ కోసమే వెళ్లేవాళ్లు ముందే మ్యూజియం వాళ్లని అడిగి టికెట్ కొనండి. టుల్న్‌లో పాత జైలు భవనంలో షీలె మ్యూజియం ఉంది, స్టేషన్లో పుట్టిన ఇల్లూ చూపిస్తారు. న్యూజెర్సీ వైపు ఉండే మనవాళ్లకి న్యూయార్క్‌లోని నోయె గ్యాలరీ దగ్గర.

బొమ్మలు నేర్చుకుంటున్నాను, షీలెని కాపీ చేయొచ్చా?

నిక్షేపంగా. అతను పోయి వందేళ్లు దాటింది, బొమ్మలకి కాపీరైట్ లేదు, ప్రింట్ తీసుకున్నా, చూసి గీసినా అడిగేవాళ్లు లేరు. కానీ రంగుల జోలికి, వంకర వేళ్ల జోలికి వెంటనే వెళ్లకండి, అవి చూడ్డానికి తేలిగ్గా వస్తాయి, బొమ్మ మాత్రం రాదు. 1917 నాటి ఒట్టి పెన్సిల్ పోర్ట్రెయిట్ ఏదైనా తీసుకుని, రబ్బరు పక్కన పెట్టేసి, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ గీయండి. తప్పితే కాగితం మార్చండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా పది నిమిషాలు కూర్చోమని అడగండి, ఎవరూ దొరక్కపోతే అద్దం ఉండనే ఉంది.